కంప్యూటర్ పక్కనున్న నోటుపుస్తకం

ఏ ఆఫీసుకి వెళ్ళినా నేను ముందు కంప్యూటర్ తెర చూడను, దాని పక్కన ఏముందో చూస్తాను. మానిటర్ అంచున పసుపు చీటీలు అంటించి ఉన్నాయా, కీబోర్డు కింద మడతపెట్టిన కాయితం ఉందా, ఎర్ర గుడ్డ అట్ట ఉన్న పొడుగాటి పుస్తకం ఉందా అని. లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ పెట్టుకున్న చోట కూడా ఆ పొడుగాటి పుస్తకం రోజూ నిండుతోందంటే, సాఫ్ట్‌వేర్ చేయాల్సిన పని ఏదో చేయడం లేదన్నమాట. వ్యాపారాలకి సాఫ్ట్‌వేర్ కట్టే పనిలో పదహారేళ్ళుగా ఉన్నాను. వ్యాపారానికి ఐటీ నిజంగా పనికొస్తోందా లేదా అని తేల్చడానికి ఇంతకన్నా నమ్మకమైన ఆధారం నాకు దొరకలేదు.

ఈ సంగతి నేను నేర్చుకున్నది గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో.

గుంటూరు మిర్చి యార్డు సంగతి చాలామందికి తెలుసు. సంక్రాంతి దాటాక సరుకు రాక ఊపందుకుంటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్కరోజే లక్ష టిక్కీలు దాటి వచ్చిన రోజులున్నాయి. టిక్కీ అంటే నలభై కిలోలకి కాస్త అటూ ఇటూ తూగే మిర్చి బస్తా. ధర నచ్చని రైతు, అప్పు ఒత్తిడి లేని రైతు సరుకుని చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో పెట్టుకుని ఎదురుచూస్తాడు. ఎండాకాలం సెలవుల తర్వాత యార్డు మళ్ళీ తెరిచాక ఈ కోల్డ్ స్టోరేజీ సరుకే మార్కెట్‌ని నడిపిస్తుంది. ఇవాళ తేజ రకం మిర్చి ధర కాస్త లేచిందని తెలిస్తే ఇవాళే సరుకు బయటికి తీయాలి. రేపటికి ఆ ధర ఉంటుందన్న హామీ లేదు.

ఆ స్టోరేజీ యజమాని మొదటి మీటింగులోనే ఈ మాట చెప్పారు. "రైతు పొద్దున ఫోన్ చేస్తే ఆ పూటే సరుకు గేటు దాటాలండి. నా వ్యాపారమంతా అదే. ఆలస్యమైతే వచ్చే ఏడాది పక్క స్టోరేజీకి పోతాడు." ఆ మాట నా నోట్సులో మొదటి పేజీలోనే రాసుకున్నాను. తర్వాత ఐదు నెలలు ఆ పేజీ తిప్పి చూడలేదు.

మేము కట్టింది చిన్న సాఫ్ట్‌వేర్ కాదు. రైతు వివరాలు, లాట్ నంబర్లు, అద్దె లెక్క, హమాలీ కూలీ, సరుకు మీద తీసుకున్న బ్యాంకు లోన్లు, జీఎస్టీ బిల్లులు, యజమాని ఫోనులో రంగురంగుల గ్రాఫులు, అన్నీ పెట్టాం. ఒప్పందం ప్రకారం మార్చి లోపు అప్పజెప్పాలి కాబట్టి జనవరి చివర్లో, సరుకు వచ్చే సీజన్ నెత్తిమీద ఉండగా మొదలుపెట్టాం. రెండ్రోజులు ట్రైనింగ్ ఇచ్చాం. అన్ని స్క్రీన్లూ పనిచేస్తున్నాయని సంతకం పెట్టించుకున్నాం. ప్రాజెక్టు విజయవంతంగా పూర్తయిందని రిపోర్టు రాసింది నేనే.

ఎనిమిది నెలల తర్వాత, సెప్టెంబరులో, వేరే పని మీద గుంటూరు వెళ్ళి అక్కడ ఆగాను. పల్నాడు వైపు నుంచి ఒక రైతు వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అరవై టిక్కీలు తీయాలి. తెర మీద మూడో చాంబర్, రెండో అంతస్తు, పద్నాలుగో వరస అని చూపిస్తోంది. హమాలీలు వెళ్ళి వచ్చారు. అక్కడ ఆ లాట్ లేదు. అప్పుడు గోడౌన్ గుమాస్తాగారు, అరవై దాటిన మనిషి, సొరుగులోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశారు. నాలుగు పేజీలు తిప్పి, "నాలుగో చాంబర్లో, తలుపుకి ఎడమపక్క, కింద వరసలో" అన్నారు. సరుకు అక్కడే దొరికింది. మార్చిలో మూడో చాంబర్ కూలింగ్ మెషీను రిపేరుకొస్తే వందల టిక్కీలు అటు మార్చారట.

"మరి కంప్యూటర్లో ఎందుకు మార్చలేదు బాబాయ్ గారూ?" అని అడిగాను.

"మార్చడానికి చోటేదమ్మా? ఒకసారి ఎక్కిస్తే, మళ్ళీ తీసేదాకా సరుకు అక్కడే ఉంటుందనుకుని కట్టారు మీరు. స్టోరేజీలో సరుకు నిలబడి ఉండదమ్మా. వెనకదాన్ని తీయాలంటే ముందుదాన్ని జరపాలి."

ఆయన గొంతులో కోపం లేదు. అడగ్గానే పుస్తకం నా చేతిలో పెట్టారు కూడా. ఆ మధ్యాహ్నం అక్కడే కూర్చుని దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివాను. చిన్న అక్షరాలు, ఒక్కో లైనుకి ఒక్కో లాట్. "నిమ్ము ఎక్కువ, ముందు తీయించాలి." "ఆరు టిక్కీలు తాలు, విడిగా పెట్టాం." "అన్నదమ్ములు ఇద్దరూ వస్తేనే ఇవ్వాలి." "బ్యాంకుకి చెప్పకుండా కదపొద్దు." "రసీదు పోయింది, ఊరి పెద్దమనిషి వచ్చి చెప్పాడు." మేము పెట్టిన స్క్రీన్లలో వీటిలో ఒక్కదానికీ చోటు లేదు. వ్యాపారం నడుస్తున్నది ఆ పుస్తకంలో. మా సాఫ్ట్‌వేర్లో ఉన్నది దాని నీడ మాత్రమే.

మా రంగంలో ఇలాంటి పుస్తకం కనిపిస్తే చెప్పే మాట ఒకటుంది. "జనం మార్పుని ఒప్పుకోరు, పాత అలవాటు వదలరు" అని. ఆ మాట నేనూ ఎన్నో మీటింగుల్లో అన్నాను. ఇప్పుడు అది తప్పని గట్టిగా చెబుతాను. రోజంతా పనిచేసి అలసిపోయిన మనిషి ఒకే సంగతిని కంప్యూటర్లో ఒకసారి, పుస్తకంలో ఒకసారి సరదాకి రాయడు. రెండోసారి రాయకపోతే రేపు పొద్దున రైతు ముందు తలవంచుకోవాల్సి వస్తుందని తెలిసి రాస్తాడు. ఆ పుస్తకాన్ని మొండితనమని కొట్టిపారేస్తే, మన పని మీద వచ్చిన నిజాయితీ గల ఆడిట్ రిపోర్టుని చదవకుండా చించేసినట్టే.

ఇది ఒక్క గుంటూరు గోడౌన్ కథ అనుకోవద్దు. అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ కంపెనీకి 1999లో ఇదే జరిగింది. సుమారు 112 మిలియన్ డాలర్లు పెట్టి, మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్లని ఒకేసారి, అదీ జులైలో మొదలుపెట్టారు. అక్టోబరు చివర్లో పిల్లలకి మిఠాయిలు పంచే హాలోవీన్ పండగ. చాక్లెట్ వ్యాపారానికి అది మనకి మిర్చి సీజన్ లాంటిది. దాదాపు 100 మిలియన్ డాలర్ల ఆర్డర్లు సమయానికి పంపలేకపోయారు. బాధ కలిగించే సంగతేంటంటే, సరుకు గోడౌన్లలో ఉంది. రద్దీ రోజుల్లో సరుకుని ఫ్యాక్టరీల్లో ఖాళీ ఉన్నచోటల్లా సర్దడం అక్కడి మనుషులకి అలవాటు. ఆ చోట్లు కొత్త సాఫ్ట్‌వేర్లోకి ఎక్కలేదని తర్వాత వచ్చిన విశ్లేషణల్లో ఒక కారణంగా చెప్పారు. అది చదివినప్పుడు నాకు మా మూడో చాంబర్, పద్నాలుగో వరస కళ్ళముందు కనబడ్డాయి. సీజన్ ముందు మొదలుపెట్టడం దగ్గర్నుంచి మేము అదే తప్పు చేశాం.

మరి ఎనిమిది నెలలు ఆ తప్పు ఎవరికీ ఎందుకు కనిపించలేదు? మేము కొలుస్తున్నవి వేరే కాబట్టి. ప్రతి నెలా యజమానికి ఒక రిపోర్టు పంపేవాళ్ళం. అందులో సర్వర్ 99.5 శాతం సమయం పనిచేసిందని ఉండేది. వినడానికి బాగుంటుంది. ముప్ఫై రోజుల నెలలో మిగతా అర శాతం అంటే 3 గంటల 36 నిమిషాలు. అది అర్ధరాత్రి ఆగితే ఎవరికీ తెలియదు. ధర లేచిన రోజు పొద్దున ఎనిమిది నుంచి పదకొండున్నర దాకా ఆగితే ఆ రోజు వ్యాపారమే పోతుంది. రిపోర్టులో రెండూ ఒకే అంకె.

గుంటూరుకి ముందు నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీ సపోర్ట్ టీమ్‌లో చేశాను. టికెట్‌ని, అంటే యూజర్ పంపిన ఫిర్యాదుని, నాలుగు గంటల్లో మూసేయాలని రూలు. గడియారం ఆపడానికి ఒక దారి ఉండేది: టికెట్‌ని "యూజర్ సమాధానం కోసం వేచి ఉన్నాం" అన్న స్థితిలో పెట్టేయడం. స్క్రీన్‌షాట్ పంపండి అని ఒక ముక్క రాస్తే గడియారం ఆగిపోయేది. నెలాఖరున మా అంకెలన్నీ పచ్చగా ఉండేవి. అవతల స్టోర్‌లో ఫిర్యాదు పంపిన మనిషి మాత్రం రెండు రోజులుగా బిల్లు కొట్టలేక కస్టమర్లని తిప్పి పంపుతుండేవాడు. చార్లెస్ గుడ్‌హార్ట్ అనే ఆర్థికవేత్త 1975లో చెప్పిన సూత్రం ఇలాంటి చోట్లే గుర్తొస్తుంది: ఒక కొలతని పట్టుకుని మనుషుల్ని అదిలించడం మొదలుపెడితే, ఆ కొలత ఇక నిజం చెప్పడం మానేస్తుంది. మా టీమ్‌లో చెడ్డవాళ్ళెవరూ లేరు. మమ్మల్ని అడిగిన ప్రశ్నే తప్పు.

సరైన ప్రశ్న అడిగితే ఎంత తేడా ఉంటుందో మన దగ్గరే చూశాం. 1999లో హైదరాబాద్‌లో ట్విన్స్ అని ఒక చిన్న ప్రయోగం మొదలై, 2001కి ఈసేవ అయింది. కరెంటు బిల్లు ఒక చోట, నీళ్ళ బిల్లు ఇంకో చోట, ఆస్తి పన్ను మరో చోట లైన్లో నిలబడే జనానికి ఒకే కౌంటర్ ఇచ్చారు. నాన్నగారు కరెంటు బిల్లు కోసం సెలవు పెట్టిన రోజులు నాకు గుర్తున్నాయి. ఈసేవ లోపల ఏ సర్వర్ ఉందో, ఏ డేటాబేస్ ఉందో ఆయనకి తెలియదు. తిరగాల్సిన లైన్లు మూడా, ఒకటా అన్నదే ఆయన చూసింది. ఆ ఒక్క లెక్క చాలు, ఆ పని ఫలించిందా లేదా అని చెప్పడానికి.

రెండోసారి ఆ స్టోరేజీ పని ఒప్పుకున్నప్పుడు నేను ఒక షరతు పెట్టాను. మొదటి వారం ఒక్క లైను కోడ్ కూడా రాయం, గేటు దగ్గర కూర్చుంటాం అని. యజమాని ఆశ్చర్యపోయారు గానీ ఒప్పుకున్నారు. రైతు చిట్టీ రాయించుకున్న టైము ఒక గడిలో, బండి గేటు దాటిన టైము ఇంకో గడిలో, మధ్యలో ఎక్కడెక్కడ ఆగిందో పక్కన. చేతి గడియారం, ఒక పెన్ను, అంతే.

ఆ వారంలో తేలింది వింటే నాకే నమ్మబుద్ధి కాలేదు. సరుకు వెతకడంలో టైము పోతోంది, నిజమే. కానీ అంతకన్నా ఎక్కువ టైము పోతున్నది డెలివరీ కాయితం మీద సంతకం దగ్గర. సంతకం పెట్టాల్సింది యజమానిగారి అబ్బాయి. ఆయన ఆఫీసుకి వచ్చేది పదకొండుకి. ఎనిమిదింటికి వచ్చిన రైతు కాయితం మూడు గంటలు బల్ల మీదే ఉంటోంది. ఎన్ని లక్షలు పోసి ఎంత వేగమైన సాఫ్ట్‌వేర్ పెట్టినా ఆ మూడు గంటలు తగ్గవు. బ్యాంకు లోను లేని లాట్లకి, కొంత పరిమితి దాకా గుమాస్తాగారే సంతకం పెట్టొచ్చని నిర్ణయించారు. ఖర్చు సున్నా. మొదటి సాఫ్ట్‌వేర్ మొత్తం కలిపి తగ్గించలేనంత ఆలస్యం దాంతో తగ్గింది.

కొలవడం మీద నాకింత పట్టు ఉన్నది అందుకే. ఐటీ మనుషులం కాబట్టి ప్రతి సమస్యా మనకి స్క్రీన్ లాగే కనిపిస్తుంది. ముందు కొలిస్తే, ఎక్కడ స్క్రీన్ అవసరం లేదో కూడా తెలుస్తుంది. అలా "ఇక్కడ నా అవసరం లేదు" అని చెప్పగలిగిన వాళ్ళకే "ఇక్కడ ఉంది" అని చెప్పే హక్కు ఉంటుందని నా నమ్మకం.

నోటుపుస్తకంలో ఉన్నదంతా సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించాలని నేను అనడం లేదు. జర్మనీ సూపర్‌మార్కెట్ సంస్థ లిడిల్ 2011లో ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ మార్పు మొదలుపెట్టి, 2018లో ఆపేసింది. దాదాపు 500 మిలియన్ యూరోలు ఖర్చయ్యాయని అక్కడి పత్రికలు రాశాయి. ఆ సాఫ్ట్‌వేర్ సరుకు విలువని అమ్మకం ధరలో లెక్కగడుతుంది. లిడిల్‌కి ఎప్పటినుంచో కొన్న ధరలో లెక్కగట్టడం అలవాటు. ఆ అలవాటు వదులుకోకుండా సాఫ్ట్‌వేర్నే వంచబోయారు, వంచిన కొద్దీ అది బరువెక్కింది. కాబట్టి పుస్తకాన్ని పూర్తిగా చదవాలి, కానీ అందులో ఏది వ్యాపారం, ఏది ఉత్త అలవాటు అన్నది విడదీయాలి. ఎర్ర అట్ట పుస్తకంలో కూడా ప్రతి టిక్కీ బరువూ మూడు చోట్ల రాసి ఉంది. ఎందుకని అడిగితే, పెద్దాయన, అంటే ఇప్పటి యజమాని నాన్నగారు, అలా రాయమన్నారట. ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆ మూడు చోట్లలో రెండు తీసేశాం, ఎవరికీ నష్టం రాలేదు.

ఫోర్డ్ కంపెనీ కథ ఈ విషయంలో నాకు చాలా ఇష్టం. మైకేల్ హ్యామర్ అనే మేనేజ్‌మెంట్ నిపుణుడు 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో దాని గురించి రాశారు. సరుకు ఇచ్చినవాళ్ళకి డబ్బు చెల్లించే విభాగంలో, ఒక్క ఉత్తర అమెరికాలోనే ఫోర్డ్‌కి ఐదు వందల మందికి పైగా ఉండేవారు. కంప్యూటర్లు పెట్టి అందులో ఐదో వంతు తగ్గిద్దామనుకున్నారు. తీరా జపాన్ కార్ల కంపెనీ మజ్దాని చూస్తే అక్కడ ఈ పని చేసేవాళ్ళు ఐదుగురు. మజ్దా చిన్న కంపెనీయే, కానీ ఆ లెక్క వేసుకున్నా తేడా చాలా పెద్దది. ఫోర్డ్‌లో ఆర్డర్ కాయితం, సరుకు అందిన కాయితం, అవతలివాళ్ళు పంపిన బిల్లు, మూడూ పోల్చి చూసి, తేడా వస్తే వెతుక్కుంటూ ఆ జనమంతా రోజులు గడిపేవారు. చివరికి బిల్లునే తీసేశారు. ఆర్డర్‌కి సరిపోయే సరుకు గేటు దగ్గర దిగిందా, డబ్బు వెళ్ళిపోతుంది. ఆ పనికి కావలసిన మనుషులు నాలుగింట మూడు వంతులు తగ్గారు. కంప్యూటర్ వేగం కన్నా "ఈ కాయితం అసలెందుకు?" అని ఎవరో ఒకరు అడగడం వల్ల వచ్చిన ఫలితం అది.

అయితే ఫలితం వెంటనే రావాలని పట్టుబట్టడం కూడా అన్యాయమే. ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ కరెంటు మోటార్ల గురించి ఇదే చూపించారు. ఎడిసన్ న్యూయార్క్‌లో 1882లో కరెంటు స్టేషన్ పెట్టినా, అమెరికా ఫ్యాక్టరీల్లో ఉత్పాదకత గట్టిగా పెరిగింది 1920ల్లోనే. మొదట్లో ఆవిరి ఇంజను తీసి ఆ చోట్లో ఒక పెద్ద మోటారు పెట్టారు గానీ, అన్ని యంత్రాలనీ తిప్పే పాత ఇరుసులూ బెల్టులూ అలాగే ఉంచారు. ప్రతి యంత్రానికీ దాని మోటారు పెట్టి, ఫ్యాక్టరీ అమరికే మార్చాక గానీ లాభం కనబడలేదు. అందుకని ఆరు నెలలకే అంకెలు రాలేదని సాఫ్ట్‌వేర్ని అటకెక్కించమని నేను ఎవరికీ చెప్పను. ఇరుసులూ బెల్టులూ మారుతున్నాయా అని మాత్రం ఆరు నెలలకే చూడొచ్చు. గుమాస్తాగారికి సంతకం అధికారం వచ్చిందా లేదా అన్నది అలాంటి సంగతే.

అన్నిటికీ లాభం లెక్క వేయాల్సిన పని కూడా లేదు. జీఎస్టీ రిటర్న్, సరుకు రవాణాకి ఈ-వే బిల్లు చట్టం ప్రకారం చేయాల్సినవి, తప్పు లేకుండా తక్కువ శ్రమతో అయితే చాలు. డేటా బ్యాకప్‌కి లాభం అడగడం ఇంటి తాళానికి లాభం అడగడం లాంటిది.

మంచిది కాని నోటుపుస్తకాలూ ఉంటాయి. సరుకు దారి మళ్ళించడానికి, రెండో లెక్క దాచడానికి పెట్టుకునేవి కొన్ని నేను చూశాను. వాటి జాడ వేరేగా ఉంటుంది. అడిగితే చూపించరు. పని కోసం రాసుకున్న పుస్తకాన్ని అడగ్గానే చేతిలో పెడతారు, పైగా పక్కన కూర్చుని ఒక్కో లైనూ వివరిస్తారు.

ఇంకొక సంగతి, ఇది మా వాళ్ళకి నచ్చదు. సాఫ్ట్‌వేర్ కట్టినవాళ్ళే అది పనికొచ్చిందో లేదో తేల్చడం మానాలి. మొదటిసారి నా రిపోర్టు నేనే రాసుకున్నాను, మార్కులు నాకు నేనే వేసుకున్నాను. ఇప్పుడు నా ఒప్పందాల్లో చివరి వాయిదా ఒక పూర్తి సీజన్ గడిచాకే తీసుకుంటాను. అదీ యజమాని మొదటి రోజు చెప్పిన లక్ష్యం మీద, మేము రాకముందు కొలిచిన అంకెతో పోల్చి. కొలిచేది వాళ్ళ మనిషి. డబ్బు ఆలస్యంగా వస్తుంది, ఇబ్బందే. కానీ ఆ ఒక్క షరతు వల్ల నా టీమ్‌లో పిల్లలు కూడా కోడ్ రాసే ముందు గోడౌన్ చూడటానికి వెళ్తున్నారు.

స్టోరేజీలో రెండోసారి చేసిన మార్పు చాలా చిన్నది. సరుకు జరిపినప్పుడు చాంబర్ దగ్గరే ఫోనులో మూడు నొక్కుల్లో కొత్త చోటు ఎక్కించడం, లాట్ పక్కన గుర్తులు రాసుకోవడానికి తెలుగులో ఒక గడి. చాంబర్ మందపాటి గోడల లోపల సిగ్నల్ రాదు కాబట్టి, ఎక్కించినది ఫోనులోనే ఉండి బయటికి రాగానే వెళ్ళేలా చేశాం. ఆ సంగతి మాకు చెప్పింది హమాలీల ముఠా మేస్త్రీ. నొక్కాల్సిన గడులు పెద్దవిగా ఉండాలని చెప్పిందీ ఆయనే, చలికి వేళ్ళు కొంకర్లు పోతాయట. అన్నీ కలిపి మొదటి ఖర్చులో పదో వంతు కూడా కాలేదు.

మొన్న ఆగస్టులో మళ్ళీ వెళ్ళాను. ఎర్ర అట్ట పుస్తకం అదే సొరుగులో ఉంది. తీసి చూశాను. లాట్ల చోట్లు రాయడం నిరుడు జూన్‌లో ఆగిపోయింది. తర్వాతి పేజీల్లో టీ ఖర్చులు, హమాలీలకి ఇచ్చిన అడ్వాన్సులు ఉన్నాయి. చివర్లో ఒక కొత్త పేజీకి పైన "ఫోనులో రానివి" అని రాసి, కింద గీత గీసి ఉంది. దాని కింద నాలుగు లైన్లు.

"నువ్వు వస్తావని రాసి పెట్టానమ్మా" అన్నారు గుమాస్తాగారు, కుర్చీ ఇటు జరుపుతూ. నేను నా నోటుపుస్తకం తీసుకుని మొదటి లైను నుంచి రాసుకోవడం మొదలుపెట్టాను.